పెరట్లో చెత్త కాల్చాలంటే: అనుమతి దగ్గర్నుంచి ఆఖరి నిప్పుకణిక దాకా

తోటపని ముగిసేసరికి ఒక మూలన నడుమెత్తు కుప్ప తయారవుతుంది. కత్తిరించిన కొమ్మలు, పీకిన కలుపు, ఊడ్చిన ఎండుటాకులు, ఎప్పటివో నాలుగు విరిగిన కర్రలు. అగ్గిపుల్ల గీస్తే గంటలో వదిలిపోతుంది కదా అనిపిస్తుంది. వదలదు. ఒకపూట మంటకి ముందు కొన్ని వారాల తయారీ ఉంటుంది, వెనక రెండుమూడు రోజుల కాపలా ఉంటుంది. పెరటి మంట చేయిదాటిందంటే చాలాసార్లు కారణం మంట దగ్గర దొరకదు. రూలు కనుక్కోకపోవడం, గాలి చూసుకోకపోవడం, ఆరిపోయిందనుకుని లోపలికి వెళ్లిపోవడం, ఇవే కనిపిస్తాయి. అందుకే ఇక్కడ వెలిగించడం గురించి నాలుగు మాటలే ఉంటాయి. మిగతాదంతా దానికి ముందూ వెనకా.

మెట్టు 1: కాల్చక తప్పదా అని చూసుకోండి

నన్నడిగితే కుప్పలో సగం అసలు కాల్చాల్సిన సరుకే కాదు. ముఖ్యంగా ఆకులు. అవి ఒకదానిమీద ఒకటి అట్టల్లా అతుక్కుపోయి లోపలికి గాలి పోనివ్వవు. గాలి లేనిచోట మంట లేవదు, కుములుతుంది. కుమిలే నిప్పు నుంచి వచ్చే తెల్లటి, దట్టమైన పొగలోనే సన్నటి ధూళికణాలు, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్ లాంటివి ఎక్కువగా ఉంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి ఆ పొగ మామూలు ఇబ్బంది కాదు.

ఆకుల్ని ఒక మూల పోగేసి, తడిపి, ఏడాది వదిలేస్తే నల్లటి ఆకుమట్టి అవుతుంది. త్వరగా కావాలంటే పచ్చి గడ్డి, వంటింటి కూరగాయ తొక్కలు కలిపి కంపోస్టు చేయొచ్చు. సన్నకొమ్మల్ని ముక్కలు చేసి మొక్కల మొదళ్ల చుట్టూ పరిస్తే నేలలో తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. లావు కొమ్మలకీ ఒక దారి ఉంది. రెండు వరసల గుంజలు పాతి మధ్యలో కొమ్మలు అడ్డంగా పేర్చుకుంటూ పోతే ఎండుకంచె తయారవుతుంది, అందులో పిట్టలు కూడా చేరతాయి. చాలా ఊళ్లలో స్థానిక సంస్థ తోట చెత్తని విడిగా తీసుకెళ్తుంది. ఒక ఫోన్ చేసి అడిగితే కొన్నిసార్లు ఈ మొత్తం వ్యవహారం అక్కడే తేలిపోతుంది.

ఇవన్నీ తీసేశాక మిగిలేది ముళ్లకంప, తెగులు సోకిన కొమ్మలు, ముక్కలు చేయడానికి లొంగని తుప్పలు. ఇక్కడినుంచి చెప్పేది వాటి సంగతి.

మెట్టు 2: మీ చోట రూలు ఏమిటో కనుక్కోండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి. బయట మంట మీద రూలు ఒక్కచోట ఉండదు, పొరలు పొరలుగా ఉంటుంది. పైన దేశానిదో రాష్ట్రానిదో చట్టం. కింద మున్సిపాలిటీ లేదా పంచాయతీ నిబంధన. పక్కన అగ్నిమాపక శాఖ ఆంక్షలు, గాలి కాలుష్యం చూసే సంస్థ ఆదేశాలు. ఇవి చాలవన్నట్టు కాలనీ సంఘం షరతులు, అద్దె ఒప్పందంలో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం. వీటిలో ఏది ఎక్కువ కఠినంగా ఉందో అదే మీకు వర్తిస్తుందనుకుని నడుచుకోండి. రాష్ట్రం ఒప్పుకుంటుంది కదా అని ఊరు ఒప్పుకోవాలనేం లేదు.

పక్క ఊరివాళ్లు చెప్పింది ఎందుకు నమ్మకూడదో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. అమెరికాలో మాసాచుసెట్స్ రాష్ట్రంలో, అనుమతి ఉన్న ఊళ్లలో, కొమ్మల మంట జనవరి 15 నుంచి మే 1 వరకే పెట్టుకోవాలి. అదీ పొద్దున 10 నుంచి సాయంత్రం 4 లోపు. ఇళ్లకి కనీసం 75 అడుగుల దూరం ఉండాలి, పర్మిట్ చేతిలో ఉండాలి. అదే దేశంలో వర్జీనియాలో ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 30 వరకు, అడవికో తుప్పలకో ఎండుగడ్డి ఉన్న పొలానికో 300 అడుగుల లోపు అయితే, సాయంత్రం 4 దాటేదాకా నిప్పు ముట్టించకూడదు. ఒకచోట నాలుగింటికి ఆర్పేయాలి, ఇంకోచోట నాలుగింటి తర్వాతే వెలిగించాలి. రెండూ సరైనవే. మొదటి రూలు పొగని దృష్టిలో పెట్టుకుంది, పగటిపూట గాలి బాగా కదిలి పొగ పైకి పోతుంది. రెండోది కార్చిచ్చుని దృష్టిలో పెట్టుకుంది, వసంతకాలంలో సాయంత్రం గాలి తగ్గి తేమ పెరుగుతుంది. కాబట్టి మీ చోట రూలు చదివేటప్పుడు అది దేనికి భయపడి రాసిందో కూడా గమనించండి. అది తెలిస్తే రూల్లో రాయని సందర్భం వచ్చినా మీ బుర్ర సరిగానే పనిచేస్తుంది.

మిగతాచోట్ల పద్ధతులు ఇంకా వేరు. న్యూయార్క్ రాష్ట్రంలో ఏటా మార్చి 16 నుంచి మే 14 వరకు కొమ్మలు కాల్చడం పూర్తిగా నిషేధం. ఆకులు కాల్చడం అక్కడ ఏ నెలలోనూ కుదరదు. ఇంగ్లండులో తోటలో మంట పెట్టడాన్ని నేరుగా నిషేధించే చట్టం లేదు. అలాగని స్వేచ్ఛ అనుకోవద్దు. పొగతో పొరుగువాళ్లని పదేపదే ఇబ్బంది పెడితే 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కౌన్సిల్ నోటీసు ఇవ్వగలదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో మామూలుగా అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు కార్చిచ్చు ప్రమాద కాలం, ఆ రోజుల్లో పర్మిట్ లేకుండా నిప్పు ముట్టుకోకూడదు. సంపూర్ణ అగ్నినిషేధం ప్రకటించిన రోజున చేతిలో ఉన్న పర్మిట్ కూడా చెల్లదు.

భారతదేశంలో అయితే ముందు 'కాదు' అనే జవాబుతోనే మొదలుపెట్టాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాల్చితే 5,000, భారీగా కాల్చితే 25,000 రూపాయలు పరిహారంగా వసూలు చేయాలంది. అదే ఏడాది వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు తోట చెత్తని సొంత ఆవరణలోనే విడిగా ఉంచి, స్థానిక సంస్థ చెప్పిన పద్ధతిలో వదిలించుకోమన్నాయి. అంటే అక్కడున్నవాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవడం మంచిది. ఊరికి దూరంగా సొంత పొలంలో అయినా స్థానిక అధికారి మాట లేకుండా ముందుకి పోవద్దు.

ఫోన్ చేసినప్పుడు "మంట పెట్టుకోవచ్చా?" అని మాత్రం అడగకండి. "పెట్టుకోవచ్చు" అనే జవాబు వస్తుంది, అది సగం జవాబు. ఇవి అడగండి:

- మా చిరునామా ఎవరి పరిధిలోకి వస్తుంది? ఊరి సరిహద్దు లోపలా, బయటా?
- పర్మిట్ కావాలా? ఒక రోజుకి ఇస్తారా, సీజన్ మొత్తానికా?
- ఏయే నెలల్లో, ఏ గంటల్లో కుదురుతుంది?
- కుప్ప ఎంత పెద్దదిగా ఉండొచ్చు? ఇంటికి, హద్దుకి, రోడ్డుకి ఎంత దూరం?
- ఏవి కాల్చొచ్చు? ఆకులు, గడ్డి అందులో ఉన్నాయా?
- డ్రమ్ములో వేసి కాల్చడానికి వేరే రూలు ఉందా?
- వెలిగించే రోజు ముందుగా ఎవరికైనా చెప్పాలా?

ఆఖరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. మీరు చెప్పకపోతే దూరం నుంచి పొగ చూసినవాళ్లెవరో ఫోన్ చేస్తారు, ఫైరింజన్ వచ్చేస్తుంది. కొన్నిచోట్ల ఆ రాకకి బిల్లు మీ పేరునే వస్తుంది.

ఇంకో మాట. పర్మిట్ వేరు, ఈరోజు అనుమతి వేరు. పర్మిట్ అంటే మీరు కాల్చడానికి అర్హులని. ఈరోజు కాల్చొచ్చా లేదా అన్నది గాలిని, ఎండని చూసి ఆ రోజు పొద్దున నిర్ణయిస్తారు. చాలా ప్రాంతాల్లో దానికి రికార్డు చేసిన ఫోన్ సందేశమో వెబ్‌సైటో ఉంటుంది. అమెరికాలో వాతావరణ శాఖ 'రెడ్ ఫ్లాగ్' హెచ్చరిక, అంటే కార్చిచ్చు ముప్పు ఎక్కువుందన్న హెచ్చరిక, ఇచ్చిందంటే పర్మిట్ జేబులో ఉన్నా అగ్గిపెట్టె సొరుగులోనే ఉండాలి.

మెట్టు 3: కుప్పని ఏరండి

కాల్చదగ్గది ఒక్కటే: మీ ఆవరణలోనే పెరిగి, ఎండిన చెట్టూ చేమా. బయటినుంచి తెచ్చిన చెత్త కలిపితే చాలాచోట్ల అది వేరే నేరం కిందికి వస్తుంది.

పక్కకి తీయాల్సినవాటిలో ప్లాస్టిక్ మొదటిది. నారు సంచులు, మొక్కలు కట్టిన తాళ్లు, పగిలిన పూలకుండీలు, పైపు ముక్కలు కొమ్మల్లో కలిసిపోయి కనపడవు. పీవీసీ లాంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి, అవి నేలలో ఏళ్లపాటు ఉండిపోతాయి. రంగేసిన చెక్క, ప్లైవుడ్, పాత కంచె గుంజలు కూడా వద్దు. చెద పట్టకుండా మందు ఎక్కించిన పాత కర్రలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసి ఉండొచ్చు. కర్ర కాలిపోయినా ఆర్సెనిక్ నశించదు, కొంత పొగలో కలుస్తుంది, మిగతాది బూడిదలోనే కూర్చుంటుంది. ఆ బూడిద మొక్కలకి వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టైర్లు, స్ప్రే డబ్బాలు, పురుగుమందు సీసాల సంగతి అందరికీ తెలిసిందే.

తెలియనిది మొక్కల్లోనే ఉంది. గన్నేరు కొమ్మల్లో విషం కాలితే పోదు, పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ఉత్తర అమెరికాలో పెరిగే పాయిజన్ ఐవీ తీగ ఇంకా దారుణం. దాని జిగురు పొగకణాలకి అంటుకుని గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి చేరి లోపల బొబ్బలెక్కిస్తుంది. వెదురుది మరో తీరు. కణుపుల మధ్య చిక్కుకున్న గాలి, ఆవిరి వేడికి ఉబ్బి టపాకాయలా పేలుతుంది, నిప్పురవ్వలు చుట్టూ ఎగజిమ్ముతుంది. పెద్ద మొద్దులూ వేయకండి. అవి ఒకపూటలో ఆరవు.

మెట్టు 4: ఎండనివ్వండి

అప్పుడే నరికిన పచ్చికొమ్మ బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు మరిగి పోయేదాకా కర్ర సరిగ్గా మండదు, వేడంతా ఆవిరికే ఖర్చయి మీకు పొగే మిగులుతుంది. సన్నకొమ్మలకి కొన్ని వారాలు, బొటనవేలి కంటే లావైనవాటికి కొన్ని నెలలు పట్టొచ్చు. విరిస్తే ఫటక్‌మని విరగాలి. వంగిందంటే ఇంకా పచ్చిదే.

ఎండబెట్టేటప్పుడు పైన ఒక పట్టా కప్పండి. కాల్చేరోజు ఆ పట్టా తీసేయడం మర్చిపోవద్దు. నవ్వొస్తుంది గానీ, సగం కాలిన పట్టా ముక్కలు గాల్లో తేలుతూ పక్కింటి డాబా మీదికి పోవడం నేను కళ్లారా చూశాను.

మెట్టు 5: చోటు సిద్ధం చేయండి

రూల్లో రాసిన దూరాలు కనీస దూరాలు. మీకు ఇంకా ఎక్కువ చోటుంటే వాడుకోండి. కుప్ప చుట్టూ నేలని కొలిచి, మట్టి కనిపించేదాకా చెక్కండి. పచ్చగడ్డి ఉంటే ఫర్వాలేదనుకోవద్దు, సెగకి అరగంటలో ఎండిపోతుంది. కాలిఫోర్నియాలో అగ్నిమాపక శాఖ చెప్పే కొలత గుర్తుంచుకోడానికి తేలిగ్గా ఉంటుంది: కుప్ప నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు మించకూడదు, చుట్టూ పదడుగుల మేర ఉత్త నేల ఉండాలి. మీ చోట వేరే లెక్క ఉంటే అదే పాటించండి, లేకపోతే ఇది మంచి మొదలు.

తలెత్తి చూడండి. పైన కరెంటు తీగలు, వాలిన కొమ్మలు ఉండకూడదు. మంట ఎత్తు కుప్ప ఎత్తుకి రెండుమూడింతలు లేస్తుంది, సెగ అంతకన్నా పైకి పోతుంది. కింద గ్యాస్ పైపు, సెప్టిక్ ట్యాంకు, పాత చెట్టు వేళ్లు లేవని తేల్చుకోండి. ఎండిన వేరుకి నిప్పంటుకుంటే నేల లోపల్లోపలే పాకి ఎక్కడో దూరంగా పైకి వస్తుంది. పీట్ నేలలు, అంటే కుళ్లిన మొక్కల పీచుతో నిండిన చిత్తడి నేలలు, ఎండాక నిప్పు తగిలితే చాలు, నేలే అంటుకుని కాలుతుంది. అలాంటి నేల మీద మంట పెట్టనే కూడదు. చుట్టూ గుండ్రంగా రాళ్లు పేర్చే అలవాటుంటే నీళ్లలోంచి తెచ్చిన రాళ్లు వాడకండి, లోపలి తేమకి పగిలి చిట్లుతాయి.

ఎండబెట్టిన కుప్పని ఉన్నచోటే వెలిగించకండి. పట్టా కింద వారాల తరబడి ఉన్న కొమ్మల్లో ఈపాటికి ఎవరో ఒకరు కాపురం పెట్టేసి ఉంటారు. తొండలు, కప్పలు, పాములు, ముళ్లపందులు. చెక్కి సిద్ధం చేసుకున్న చోటికి కాల్చేరోజే కొమ్మల్ని ఒక్కొక్కటిగా మార్చండి. అవి తప్పించుకుంటాయి, మీకు ప్లాస్టిక్ ఏరడానికి రెండో అవకాశం దొరుకుతుంది. చేతికి మందపాటి గ్లవ్స్ తప్పనిసరి.

మెట్టు 6: రోజు, గంట ఎంచుకోండి

గాలివేగం కొలిచే పరికరం లేకపోయినా చెట్లు చెబుతాయి. ముఖానికి గాలి తగులుతూ ఆకులు గలగలమంటుంటే గంటకి 6 నుంచి 11 కిలోమీటర్లు, అది మంచి గాలి. ఆకులు, సన్నరెమ్మలు ఆగకుండా ఊగుతుంటే 12 నుంచి 19, అక్కడ ఆలోచించాలి. దుమ్ము, కాగితం ముక్కలు లేస్తూ చిన్నకొమ్మలు కదులుతుంటే 20 దాటింది, ఆ రోజుకి వదిలేయండి.

అసలు గాలి లేకపోతే ఇంకా మంచిది కదా అనుకుంటాం. నిప్పు సంగతికి అవును, పొగ సంగతికి కాదు. టెక్సాస్‌లో బయట మంటల నిబంధనలు గాలికి పై హద్దుతో పాటు కింది హద్దు కూడా పెట్టాయి: గంటకి 6 మైళ్ల కన్నా తక్కువుంటే వద్దని. కారణం పొగ ఉన్నచోటే పేరుకుపోవడం. ముఖ్యంగా సూర్యుడు దిగాక నేల చల్లబడి, చల్లటి గాలి కింద, వెచ్చటి గాలి పైన మూత పెట్టినట్టు నిలుస్తుంది. పొగ ఆ మూత దాటలేక అడ్డంగా పరుచుకుంటుంది, తెల్లారేదాకా వీధంతా దాన్నే పీలుస్తుంది. రోడ్డు పక్క అయితే ఇంకో ముప్పు. పొగ, మంచు కలిస్తే అడుగు దూరం కనపడదు. 2023 అక్టోబరులో అమెరికాలోని లూసియానాలో చిత్తడి నేలల మంటల పొగ పొగమంచుతో కలిసి రహదారిని కప్పేసింది. 150కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి ఢీకొని ప్రాణాలు పోయాయి.

గాలిలో తేమ 30 శాతం కంటే తగ్గితే ఎండుగడ్డి అగ్గిపుల్లలా అంటుకుంటుంది. ఫోన్లో వాతావరణం యాప్ తెరిస్తే ఈ అంకె దొరుకుతుంది. మధ్యాహ్నం రెండుమూడింటికి ఎంత ఉండబోతుందో చూడండి, పొద్దుటిది కాదు. ఆ రోజుది ఒక్కటే చూస్తే సరిపోదు, మర్నాటి గాలి కూడా చూడాలి. కారణం కింద ఆర్పే దగ్గర చెబుతాను.

పొరుగువాళ్లకి ముందురోజే ఒక మాట చెప్పండి. బట్టలు ఆరేసుకోవడం, కిటికీలు మూసుకోవడం, ఆయాసం ఉన్న పెద్దవాళ్లని చూసుకోవడం వాళ్లకి వీలవుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఇది మర్యాద కాదు, రూలు: కనీసం 24 గంటల ముందు చెప్పాలి. ఎవరైనా వద్దంటే, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నారంటే, వాదించకండి. కొమ్మలు వచ్చే వారం దాకా ఎక్కడికీ పోవు.

మెట్టు 7: దగ్గర ఉంచుకోవాల్సినవి

కుప్ప దాకా అందే నీటిగొట్టం, అందులో నీళ్లు వస్తున్నాయని తిప్పి చూసిన కుళాయి. గొట్టం ఉన్నా సరే, నిండా రెండు బకెట్లు. పొడుగు కర్ర ఉన్న పార, ఇనప పళ్ల రేక్. ఛార్జింగ్ ఉన్న ఫోన్. ఇంకొక మనిషి. మొదటివన్నీ అందరూ పెడతారు, ఆఖరిది వదిలేస్తారు. మీకు బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చినా మంట పక్కన ఒకరుండాలి కదా.

నూలు బట్టలు, నిండు చేతులు, బూట్లు వేసుకోండి. నైలాన్, పాలిస్టర్ సెగకి కరిగి చర్మానికి అంటుకుంటాయి. చున్నీ, చీరకొంగు, వదులు చొక్కా ఉంటే బిగించి కట్టుకోవాలి. జుట్టు కూడా.

మెట్టు 8: వెలిగించడం

పెట్రోలు వద్దు. పెట్రోలు గడ్డకట్టే చలిలో కూడా ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలని పట్టుకుని మీ కాళ్ల దాకా పాకుతుంది. మీరు అగ్గిపుల్ల గీసేసరికి అంటుకునేది కుప్ప కాదు, మీ చుట్టూ ఉన్న గాలి. కిరోసిన్, డీజిల్, పాత ఇంజినాయిల్ కూడా చాలాచోట్ల నిషిద్ధం. కొమ్మలు ఎండితే వాటి అవసరమే రాదు, ఎండకపోతే అవి పోసినా లాభం లేదు.

గాలి వచ్చే వైపు నిలబడి, ఎండు పుల్లలతో, నలిపిన కాగితంతో ముట్టించండి. కుప్పని కింద కాకుండా పైన వెలిగిస్తే పొగ తగ్గుతుంది. కింద వెలిగిస్తే పైనున్న చల్లటి కొమ్మల్లోంచి వచ్చే వాయువులు కాలకుండానే పొగలా పోతాయి. పైన వెలిగించినప్పుడు అవి మంటలోంచే పోవాలి కాబట్టి చాలావరకు అక్కడే కాలిపోతాయి. మొదలవడానికి కాస్త ఓపిక కావాలి, అంతే.

చిన్న కుప్పతో మొదలుపెట్టి, తగ్గేకొద్దీ వేస్తూ పోండి. అంతా ఒకేసారి పేరిస్తే ఆ మంట మీ మాట వినదు.

మెట్టు 9: మండుతున్నంతసేపు

మంట దగ్గర కుర్చీ వేసుకుని ఫోన్ చూడటం కాపలా కిందికి రాదు. కళ్లు మంట మీద కన్నా గాలి పోతున్న వైపు నేల మీద ఎక్కువ ఉండాలి. రవ్వలు పడేది అక్కడే. పిల్లలు, కుక్కలు ఆ చెక్కిన నేల గీత దాటకూడదు.

గాలి దిక్కు మారినా, పెరిగినా కొత్తగా కొమ్మలు వేయడం ఆపేయండి. రవ్వలు గీత అవతల పడుతుంటే ఆర్పడం మొదలుపెట్టండి. అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా అవుతుందనే బాధే చాలామందిని ఆపుతుంది. రెండోసారి వెలిగించుకోవచ్చు.

మంట గీత దాటిందంటే ముందు ఫోన్, తర్వాతే బకెట్. భారత్‌లో 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. "మేమే ఆర్పేసుకుంటాం" అన్న ఆ ఐదు నిమిషాల్లోనే గడ్డిమంట కంచె దాటుతుంది. జరిమానా పడుతుందన్న టెన్షన్‌తో ఫోన్ చేయకపోతే ఆ తర్వాత కట్టాల్సింది జరిమానాతో పోయేది కాదు.

ఒంటి మీద బట్టలకి అంటుకుంటే పరిగెత్తొద్దు. ఆగి, కింద పడి, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. కాలినచోట 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, నూనె వద్దు.

మెట్టు 10: ఆర్పడం

నివురుగప్పిన నిప్పు అని మనం మనుషుల గురించి వాడే మాట అచ్చంగా ఇక్కడిది. పైన తెల్లటి పొర కిందున్న కణికకి గాలి తగలకుండా కాపాడుతుంది, అందుకే అది మెల్లిగా, చాలాకాలం బతుకుతుంది.

ఎంతకాలమో చెప్పడానికి ఒక సంఘటన. 2022 జనవరిలో అమెరికాలోని న్యూ మెక్సికోలో అటవీ శాఖ సిబ్బంది కొమ్మల కుప్పలు కాల్చారు. మంటలు ఆరిపోయాయి. తర్వాత మూడుసార్లు మంచు కురిసింది. ఆ మంచు కింద, నేల పొరల్లో నిప్పు కుములుతూనే ఉంది. ఏప్రిల్‌లో ఈదురుగాలులకి పైకి లేచింది. అదే కాఫ్ కాన్యన్ కార్చిచ్చు. దగ్గర్లోనే, ప్రణాళిక ప్రకారం పెట్టిన ఇంకో మంట చేయిదాటి పుట్టిన హెర్మిట్స్ పీక్ కార్చిచ్చుతో కలిసిపోయి 3,41,000 ఎకరాలకి పైగా కాల్చేసింది. ఆ రాష్ట్ర చరిత్రలో నమోదైన అతిపెద్ద కార్చిచ్చు అది. మొదలైంది కొమ్మల కుప్ప నుంచి, కాల్చింది ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్లు.

అందుకే ఆర్పడానికి విడిగా గంట కేటాయించుకోండి. రూలు ప్రకారం మంట ముగియాల్సిన సమయానికి రెండు గంటల ముందే కొత్త కొమ్మలు ఆపేయండి. కుప్ప కూలాక ఇలా చేయండి:

నీళ్లు అంచుల నుంచి మధ్యకి పోయండి. ఒక్కసారి మధ్యలో కుమ్మరిస్తే వేడి ఆవిరి, బూడిద ముఖం మీదికి లేస్తాయి. పారతో తిరగేయండి, సగం కాలిన కర్రల అడుగు వైపు గీకండి. మళ్లీ నీళ్లు. మళ్లీ తిరగేయడం. బుస్సుమనే చప్పుడు ఆగేదాకా ఇది సాగాలి. బూడిద పలచటి బురదలా అయ్యాక అరచెయ్యి వెనక భాగం దానికి దగ్గరగా పెట్టండి, వెచ్చదనం తెలియకపోతే అప్పుడు ముట్టుకుని చూడండి. ముట్టుకోవడానికి భయం వేస్తోందంటే ఇంకా ఆరలేదని అర్థం. మంట కింది నేలని కూడా ఒక చేతిలోతు తవ్వి చూడండి, వేళ్లు తగిలితే మరీను.

మట్టి కప్పి వదిలేయడం చాలామంది చేసే పని. మట్టి నిప్పుని చంపదు, దుప్పటి కప్పుతుంది. పైన మట్టి ఉన్న కణిక మర్నాటిదాకా హాయిగా బతుకుతుంది, పైగా పిల్లలెవరైనా చల్లటి నేలే కదా అని కాలు పెడతారు.

రాత్రి పడుకునే ముందు ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం గాలి లేచాక ఇంకోసారి వెళ్లి చూడండి. మర్నాటి గాలి కూడా చూసుకోవాలని ముందే అన్నది ఇందుకే. ఈ మూడింటిలో మధ్యాహ్నం చూడటమే అన్నిటికన్నా అవసరం.

మెట్టు 11: బూడిద

రెండోరోజు చల్లగా ఉంది కదా అని నేనొకసారి బూడిద ఎత్తి ప్లాస్టిక్ చెత్తడబ్బాలో వేశాను. సాయంత్రానికి డబ్బా అడుగున అరచేయంత చిల్లు పడింది. డబ్బా గోడకి ఆనించి ఉండుంటే ఏమయ్యేదో నేనే ఊహించుకోదలచుకోలేదు. అప్పట్నుంచి మూత ఉన్న ఇనప బకెట్టే, అదీ ఇంటికి దూరంగా, చెక్క అరుగు మీద కాకుండా మట్టి మీద. వారం అక్కడే.

కట్టెబూడిదలో సున్నం, పొటాషియం ఉంటాయి. ఆమ్లగుణం ఎక్కువున్న నేలకి పలచగా చల్లితే మేలు చేస్తుంది. అజేలియా, బ్లూబెర్రీ లాంటి ఆమ్లనేల కోరే మొక్కలకి, అప్పుడే మొలిచిన నారుకి దగ్గరికి రానివ్వద్దు. ఒకేచోట గుప్పించడం, వాన పడితే కాలవలోకి కొట్టుకుపోయేలా వదలడం రెండూ తప్పే. చల్లేముందు జల్లించండి. మేకులు, తీగముక్కలు, గాజుపెంకులు దొరుకుతాయి, ఒక్కోసారి నల్లగా కనిపించే బొగ్గుముక్క ఒకటి చేతికి ఇంకా వెచ్చగానే తగులుతుంది. అది దొరికితే జల్లెడ పక్కన పెట్టి, బకెట్ నిండా నీళ్లు పోసి, ఇంకో రెండు రోజులు మూత పెట్టేయండి.